కాదంటారావు గారు

మా తణుకులో టీ కొట్టు దగ్గర ఆయన్ని అందరూ కాదంటారావు గారనే అంటారు. అసలు పేరు రేషను కార్డులో ఉండే ఉంటుంది. పొద్దున్న ఏడింటికి స్కూటరు ఆగుతుంది. హెల్మెట్ తియ్యకముందే లోపల్నుంచి "అలా కాదండీ" అని వినబడుతుంది. ఎవరితో, దేని గురించి అన్నది హెల్మెట్ తీశాక చూసుకుంటారు.

"ఎండలు మండిపోతున్నాయండీ" అని ఎవరో పాపం ఊసుపోక అంటారు. జవాబు కోసం అన్న మాట కాదది.

"మండిపోవడమంటే ఏమిటండీ? మీరెప్పుడైనా రెంటచింతల వెళ్లారా?"

వెళ్లలేదంటే, వెళ్లకుండా ఎలా మాట్లాడతారంటారు. వెళ్లామంటే ఏ నెలలో అంటారు. మే నెలంటే, "మరి డిసెంబరులో వెళ్లి చూశారా?" అంటారు. అప్పటికి ఎండ సంగతి ఎవరికీ గుర్తుండదు, చెమట మాత్రం పడుతుంది.

పప్పుచారూ సాంబారూ ఒకటేనన్న ఒకాయనతో, రెండూ వేరని వాదించి నెగ్గారు. మర్నాడు రెండూ వేరని ఇంకొకాయన అనగానే, ఒకటేనని వాదించి నెగ్గారు. రెండు రోజులూ ములక్కాడే సాక్షి.

ఇలాంటివాళ్లు ఈనాడు పుట్టినవాళ్లు కాదు. గౌతముడి న్యాయసూత్రాల నాటికే ఉన్నారు. లేకపోతే చర్చను అంత ఓపిగ్గా మూడు రకాలుగా విడదీయాల్సిన అవసరం ఆయనకెందుకొస్తుంది? నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. మనవారి కాపురం మూడో ఇంట్లో. అందుకే ఆయన్ని "ఇంతకీ మీరేమంటారండీ?" అని అడగకూడదు. ఒకసారి ఎవరో తెలియక అడిగారు. ఆయన కాసేపు బిస్కట్ల సీసా వంక చూసి, "నేనేమంటానన్నది కాదిక్కడ పాయింటు" అన్నారు.

మాటకు చెప్పినవాడు అనుకోని అర్థం అంటగట్టి తప్పు పట్టడాన్ని ఛలం అన్నారు. దానికి ఆ సూత్రాల భాష్యంలో ఒక ఉదాహరణ ఉంది. కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి చూపించి "నవకంబళుడు" అన్నాడట ఒకాయన. "తొమ్మిది కంబళ్లెక్కడున్నాయి? ఒకటేగా!" అని రెండో ఆయన లేచాడట. ఆ రెండో ఆయన వంశవృక్షం ఎవరైనా తీస్తే చివరి కొమ్మ మీద స్కూటరు ఉంటుందని నా నమ్మకం.

చర్చలో ఎక్కడెక్కడ ఓడిపోయినట్టో కూడా లెక్క రాశారు. ఇరవై రెండు నిగ్రహస్థానాలు. వాటిలో అననుభాషణం అని ఒకటి. ఎదుటివాడు ఒక మాట మూడుసార్లు చెప్పి, అది సభకంతా అర్థమయ్యాక కూడా దాన్ని తిరిగి అప్పజెప్పలేకపోతే ఓడినట్టే. ఈ ఒక్క నియమం అమలు చేస్తే కాదంటారావు గారికి రోజూ ఏడుంబావుకే ఓటమి. ఎదుటివాడి మాట ఆయన పూర్తిగా విన్న దాఖలా లేదు. మొదటి సగం విని రెండో సగం తనే తయారు చేసుకుని, దాన్ని చీల్చి చెండాడతారు. అంటే సగం యుద్ధం తనతోనే.

చిక్కేమిటంటే, అదే జాబితాలో విక్షేపం కూడా ఉంది. పని ఉందని సాకు చెప్పి చర్చ మధ్యలో లేచిపోవడం. ఆ లెక్కన మేమందరం ఏళ్ల తరబడి శాస్త్రోక్తంగా ఓడిపోతూనే ఉన్నాం. "పిల్లాణ్ణి బడి దగ్గర దింపాలండీ" అంటూ పారిపోయినవాళ్లలో పెళ్లికానివాళ్లు కూడా ఉన్నారు.

ఈ ఊళ్లోనే 1925లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ జరిగింది. వాడుక భాష తరఫున గిడుగు రామమూర్తి గారు నాలుగు గంటలు మాట్లాడారు. గ్రాంథికవాదుల ఆక్షేపణలకు జవాబు చెప్పారు, గ్రంథాల్లోంచే ప్రయోగాలు తీసి చూపించారు, సభను ఒప్పించారు. అవతలివాళ్లు తమ వాదాన్ని తాము చదువుకున్నంత శ్రద్ధగా ఆయన చదివారన్నమాట. కాదంటారావు గారు ఈ కథ కొత్తవాళ్లందరికీ గర్వంగా చెబుతారు. దాన్లోంచి ఆయన నేర్చుకున్నది మాత్రం నాలుగు గంటలు.

ఆ నోటివల్ల మంచి జరగలేదని అనను. మా సందులో వీధి దీపం వెలుగుతోందంటే ఆయన చలవే. దానికోసం వెళ్లిన ఆఫీసులో గుమస్తా భోజనానికి లేవబోయినా వదల్లేదట. ఇంట్లో మాత్రం ఆ పప్పులుడకవు. వాళ్లావిడ పెళ్లయిన కొత్తలోనే "మీరే రైటండీ" అనడం అలవాటు చేసుకున్నారు. ఆనాటి నుంచీ ఆ ఇంట్లో ఆవిడ మాటే చెల్లుతోంది.

మొన్న టీ పది రూపాయల నుంచి పన్నెండయింది. కాదంటారావు గారు హెల్మెట్‌లోంచే మొదలెట్టారు. కొట్టతను టీ వడగడుతూ మొత్తం విన్నాడు. గౌతముడి పేరు విన్నవాడు కాదతను.

"అంటే బాబుగారూ, పాలరేటు పెరిగిందని టీ పెంచావు, రేపు పాలు తగ్గితే టీ తగ్గిస్తావా అంటున్నారు. అంతేనాండీ?"

"అంతే" అన్నారు కాదంటారావు గారు.

కొట్టు దగ్గర అందరం తలలు తిప్పి చూశాం. ఆ నోటివెంట ఆ మాట మేమెవరమూ ఎప్పుడూ వినలేదు.

"ఆ ముక్క నిజమేనండి. నాకు తట్టలేదు. పాలు తగ్గితే తగ్గిస్తానని బోర్డు మీద రాసేస్తాను. పంచదార, గ్యాసు కూడా పెరిగాయి, దానికేమంటారో చెప్పండి. మీరు తప్పంటే ఆ రెండు రూపాయలు వద్దులెండి."

కాదంటారావు గారు నోరు తెరిచారు. తన మాట తనకే అంత శుభ్రంగా తిరిగొస్తే దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలిసినట్టు లేదు. జేబులోంచి పన్నెండు తీసి లెక్కపెట్టి ఇచ్చారు. అలాగని ఊరుకుంటే ఎలా? కొట్టతను సుద్దముక్కతో రాస్తుంటే వెనక నిలబడి, "తగ్గిస్తాను కాదయ్యా, తగ్గించబడును అని రాయాలి" అన్నారు.

కొట్టతను సుద్దముక్క దించి, చేతులు తుడుచుకుని, ఆయనవైపు తిరిగాడు. "అంటే బాబుగారూ, మీరనేది..."

"కరెంటు బిల్లు కట్టాలయ్యా, లైనుంటుంది" అంటూ కాదంటారావు గారు స్కూటరు తీశారు.