ఆ ఉప్పు నా కోసం

నేను ఆవకాయ జాడీని. మట్టితో చేసి, గాజు పూత పూసి, బట్టీలో కాల్చారు నన్ను. లోహాన్ని తినేసే ఉప్పూ పులుపూ నన్నేమీ చెయ్యలేవు. అందుకే ఏడాది పచ్చడిని నాకు అప్పగించి మూతికి వాసెన కడతారు. బీపీ వచ్చిందనో, గుండె నీరసించిందనో డాక్టరు ఉప్పు తగ్గించమనగానే ఇంట్లో మొదట అటకెక్కేదీ నేనే. అందులో సగం న్యాయముంది. రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక చిన్న చెంచాడు లోపే, ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాలోని పచ్చడిలో పదో వంతు ఉప్పే అనుకున్నా, 20 గ్రాముల ఆవకాయతో 2 గ్రాములు లోపలికి పోతాయి. కూర, చారు, మజ్జిగ ఇంకా మిగిలే ఉంటాయి. జాడీని పక్కన పెట్టమనడం సబబే; ఆవకాయనే మరిచిపొమ్మనడం మాత్రం తప్పు.

ఆవకాయలో ఏది ఎందుకుందో చూడండి. ఘాటు ఆవపిండిది. పొడిగా ఉన్నంతసేపూ అది ఊరుకుంటుంది. మామిడి ముక్క తడి తగలగానే అందులోని ఎంజైము పని మొదలుపెట్టి ముక్కుకెక్కే ఘాటు పుట్టిస్తుంది. ఆ పనికి ఉప్పు అక్కర్లేదు. పులుపు కాయది, మంట మిరపకాయది, కమ్మదనం పప్పునూనెది. మరి కారంతో, ఆవపిండితో ఇంచుమించు సమానంగా ఉప్పెందుకు పోస్తారు? ముక్కలోంచి నీరు లాగి ఊట దించడానికి, పచ్చడి పాడవకుండా కాపాడడానికి. నాలుక అడిగేది అందులో కొంచెమే. మిగిలినదంతా నిలవ కోసం, అంటే నా కోసం. పథ్యం చేసే మనిషికి ఏడాది నిలవతో పనేముంది? రెండు రోజులకు ఒక కాయ చాలు. గడువు తగ్గిస్తే ఉప్పూ తగ్గించుకోవచ్చు. కాయను టెంక లేకుండా సన్నగా తరిగి, ఆవపిండి, కారం, మెంతిపిండి, నూనె కలిపి గంటసేపు మూతపెట్టండి. ముద్దపప్పులో ఉప్పు మానేసి, వడ్డించేటప్పుడు ముక్కల మీద చిటికెడు చల్లండి. లోపల ఇంకిన ఉప్పుకంటే పైన చల్లినది నాలుకకు ముందు తెలుస్తుంది. నాలో పెట్టిన పచ్చడిని మూడో రోజు తిరగకలుపుతారు. ఈ తక్కువ ఉప్పు పచ్చడి మాత్రం ఫ్రిజ్‌లో ఉన్నా మూడో రోజుకు అయిపోవాలి.

ఊరని ముక్క ఆవకాయ ఎలా అవుతుందని అడుగుతారు. దోసావకాయ నాలుగు రోజుల పచ్చడే. దాన్ని ఆవకాయ కాదన్న తెలుగువాళ్లు లేరు. నెలల తరబడి మాగిన రుచి దీనికి రాదన్నది నిజం, ఒప్పుకుంటాను. సైంధవ లవణం వేసి పాత పద్ధతిలోనే పెట్టుకుంటామనేవారున్నారు. అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే, రంగు వేరు అంతే. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ కలుస్తుంది. కిడ్నీ జబ్బున్నవారికి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికి అది ఒంట్లో పేరుకుని గుండె లయనే దెబ్బతీయగలదు. డాక్టరును అడక్కుండా దాని జోలికి పోకండి. కిడ్నీ జబ్బుంటే పప్పు, కాయ కూడా ఎంత తినవచ్చో అడగాల్సిందే. ఇక, జబ్బు మనిషికి ఇంత హడావుడి దేనికి, మానేస్తే పోలేదా అనే మాట. ఇది నాకు కష్టం కలిగించే మాట. చప్పిడి కూడు పదిరోజులు తిని, పదకొండో రోజు చాటుగా నా మూత తీయించే పథ్యం ఎవరికి మేలు? తక్కువ ఉప్పుకు నాలుక అలవాటు పడుతుంది, కాకపోతే కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలు గడవడానికి ఆవఘాటు కావాలి, పులుపు కావాలి, వేడన్నంలో ఎర్రగా కలిసే ఆ ముద్ద కావాలి.

ఈ వేసవిలో కాయలు కొట్టించే రోజున, ముక్కల్ని ఉప్పులో కలపకముందే ఒక్క కాయ ముక్కలు చిన్న గిన్నెలోకి తీసి పెట్టండి. అవి నాలో వెయ్యకండి.