డోపమైన్‌కి ఒక్కపొద్దు

మొత్తానికి మన దాకా వచ్చేసింది. ఊరి చివర ఫామ్‌హౌస్, మామిడిచెట్ల కింద చాపలు, ఫోన్లు పడేయడానికి తాళం వేసిన చెక్కపెట్టె, తలా ఓ గ్లాసు గోరువెచ్చని నీళ్లు. శనివారం సాయంత్రం లోపలికి వెళ్లిన మనిషి సోమవారం పొద్దున బయటికి వచ్చేసరికి మెదడులోని డోపమైన్ అనే రసాయనపు మరకలన్నీ వదిలిపోయి కడిగిన ముత్యంలా ఉంటాడట. అంత ఫీజు కట్టలేని కుర్రాళ్లు ఇంట్లోనే మొదలుపెట్టేశారు. 'ఇవాళ నాకు డోపమైన్ ఫాస్టింగ్, నాతో ఎవరూ మాట్లాడొద్దు' అని కొడుకు తలుపు మూసుకుంటే, ఉప్మా ప్లేటు పట్టుకుని బయట నిలబడిన తల్లికి ఏమీ పాలుపోదు. నలభై ఏళ్లుగా కార్తీక సోమవారాలు, ఏకాదశులు, శివరాత్రి జాగారాలు చేస్తున్న మనిషి ఆవిడ. ఈ కొత్త దేవుడెవరో, పారణ ఎప్పుడో, ఏం తినకూడదో అడుగుదామంటే లోపలివాడు మాట్లాడడు.

ఈ వ్రతానికి కథ కూడా ఉంది. 2019లో కాలిఫోర్నియాలో కామెరాన్ సెపా అనే మనస్తత్వవేత్త 'డోపమైన్ ఫాస్టింగ్' అని రాశారు. ఆయన చెప్పింది చాలా మామూలు మాట: అదుపు తప్పిన అలవాట్లకు, అంటే ఫోను, జూదం, చిరుతిండి వంటివాటికి కొన్ని గంటలు దూరంగా ఉండండి అని. పేరును అక్షరాలా తీసుకోవద్దనీ ఆయనే అన్నారు. ఎవరు వింటారు? సిలికాన్ వ్యాలీలో కొందరు ఆ పేరు పట్టుకుని తిండి మానేశారు, సంగీతం మానేశారు, ఎదురుపడిన మనిషి కళ్లలోకి చూడటం కూడా మానేశారు. ఫోన్లను వదల్లేనంతగా తయారుచేసిన ఊరే ఫోన్ వదలడానికి వ్రతం కూడా కనిపెట్టింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

ఇక శిబిరం గురువుగారి శరీరశాస్త్రం. ఆయన లెక్కలో మెదడులో ఒక ట్యాంకు ఉంటుంది. రీల్ చూస్తే ట్యాంకులోకి ఆనందం పడుతుంది. పడీ పడీ నాచు పడుతుంది. రెండు రోజులు కుళాయి కట్టేస్తే నాచు పోతుంది. మునిసిపాలిటీ వాటర్ ట్యాంకు మీద 'శుభ్రపరచిన తేదీ' అని రాసినట్టు, శిష్యుల నుదుటి మీద కూడా తేదీ రాసి పంపిస్తే బాగుండేది.

ట్యాంకు సంగతి అలా ఉంచి, కోతుల సంగతి చూద్దాం. స్విట్జర్లాండ్‌లోని ఫ్రీబూర్‌లో వోల్ఫ్‌రామ్ షుల్జ్ కోతుల మెదడులో డోపమైన్ కణాలు ఎప్పుడు చలిస్తాయో కొలిచారు. అనుకోకుండా నోట్లో పళ్లరసం చుక్క పడితే అవి ఒక్కసారిగా గుప్పుమన్నాయి. ప్రతిసారీ రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాక, ఆ గుప్పుమనడం దీపం దగ్గరికి జరిగిపోయింది. రసం వచ్చినప్పుడు కణాలు ఉలకలేదు, పలకలేదు. ఆ తర్వాత దీపం వెలిగించి రసం ఇవ్వకుండా ఆపేస్తే, సరిగ్గా రావలసిన క్షణానికి కణాలు మామూలు స్థాయికన్నా కిందికి పడిపోయాయి. పీటర్ డేయన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి షుల్జ్ 1997లో దీనికి లెక్క కట్టారు. కణాలు చెబుతున్నది రసం రుచి గురించి కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడా గురించి. ఎక్కువ వస్తే పైకి, తక్కువ వస్తే కిందికి, అనుకున్నంతే వస్తే గమ్మున.

దీన్ని అర్థం చేసుకోవడానికి కోతి కూడా అక్కర్లేదు. ఒకటో తారీకు జీతం పడిందని ఫోన్ మోగితే ఎవరూ గంతులేయరు. అదే పాత ప్యాంటు ఉతకడానికి తీస్తే జేబులో మడతలు పడ్డ ఐదువందల నోటు దొరికితే, ఆ పూటంతా ఇల్లు కళకళలాడుతుంది. జీతం ఒక్కరోజు ఆలస్యమైతే ఇంట్లో గిన్నెల చప్పుడే వేరు. డబ్బు అదే, మనిషీ అతనే. మెదడు వేసుకున్న అంచనా ఒక్కటే మారింది.

కాబట్టి డోపమైన్ గణితం మాస్టారి బెత్తం లాంటిది. జవాబు తప్పినప్పుడల్లా కదులుతుంది, కదిలి పాఠం నేర్పుతుంది. దాన్ని విషమని కడిగేస్తారట!

వ్యంగ్యం ఇక చాలు. ఈ శిబిరాల ప్రకటన చూసినప్పుడల్లా ఈ కాలమ్ రాసే మనిషికి ఒళ్లు మండేది ఎక్కడంటే, డోపమైన్ లేకపోతే ఏమవుతుందో తెలిసిన ఇళ్లు మన మధ్యనే ఉన్నాయి. పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల మెదడులో దాన్ని తయారుచేసే కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. గడప ముందు అడుగు అతుక్కుపోతుంది. ముఖంలో నవ్వు రాదు. మందు వేళ తప్పితే పక్క మీద పక్కకు తిరగడానికి కూడా మనిషి సాయం కావాలి. 1995లో అమెరికాలోని సియాటిల్‌లో పరిశోధకులు పుట్టుకతోనే డోపమైన్ తయారు కాని ఎలుకలను సృష్టించారు. అవి దాదాపు కదలలేదు. కళ్లముందు తిండి, నీళ్లు పెట్టినా ముట్టుకోలేదు. కొన్ని వారాల్లో ఆకలితో చచ్చిపోయాయి. డోపమైన్‌గా మారే ఎల్-డోపా మందు ఎక్కించినవి మాత్రం లేచి తిన్నాయి. అసలు సిసలైన డోపమైన్ ఉపవాసం అంటే అదీ. మామిడిచెట్టు కింద చాప మీద చేసేదానికి ఆ పేరు పెట్టి డబ్బులు గుంజడం సిగ్గుమాలిన పని.

పైగా 'ఆనంద రసాయనం' అనే పిలుపు కూడా తప్పే. మిషిగన్‌లో కెంట్ బెర్రిడ్జ్ ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేసి, నాలుక మీద తియ్యటి నీళ్లు వేస్తే, అవి మామూలుగానే పెదాలు నాక్కున్నాయి. ఇష్టం ఎక్కడికీ పోలేదు. వెళ్లి తెచ్చుకోవాలన్న తహతహే పోయింది.

ఆ తహతహతోనే వ్యాపారం చేసేవాళ్లను శిబిరంలో ఎవరూ పల్లెత్తు మాట అనరు. అత్త మీద కోపం దుత్త మీద. షుల్జ్ బృందమే 2003లో ఇంకో సంగతి చూపించింది. రసం వస్తుందా రాదా అన్నది సగానికి సగం ఉన్నప్పుడు, ఆ ఎదురుచూపులో డోపమైన్ కణాలు అన్నిటికన్నా ఎక్కువగా చలిస్తాయి. అంతకు చాలాముందే, 1950ల్లో, బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల దగ్గర గమనించాడు, గింజ ఎన్ని పొడుపులకు పడుతుందో తెలియనప్పుడే పక్షి ఆగకుండా పొడుస్తుందని. పావురం పోయి మనిషి వచ్చాడు, మీట పోయి స్క్రాచ్ కార్డు వచ్చింది. 2017లో చెల్లింపుల యాప్‌తో పాటు మన ఫోన్లలోకి దిగిన ఆ కార్డును చదువుకున్నవాళ్లు సైతం బొటనవేలితో ఎంత శ్రద్ధగా గీకారో గుర్తుంది కదా. పదకొండు రూపాయల కోసం.

పదకొండు రూపాయలతో ఆగితే ఈ కాలమ్ అవసరం ఉండేది కాదు. రమ్మీ, బెట్టింగ్ యాప్‌లలో పోయినవి పొలాలు, పెళ్లి కోసం దాచిన డబ్బు, కొన్ని ఇళ్లలో మనుషులే. 1979లో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ రాసి చూపించారు, వంద వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధ ఎక్కువని. తర్వాతి లెక్కల్లో అది దాదాపు రెండింతలు తేలింది. ఆ బాధను తుడుచుకోవడానికే ఓడినవాడు మళ్లీ ఆడతాడు. కేంబ్రిడ్జ్‌లో లూక్ క్లార్క్ బృందం 2009లో మెదడు స్కానింగ్‌లో చూసింది, గెలుపు అంచుదాకా వచ్చి తప్పిపోయిన ఆటకు కూడా మెదడులో గెలుపు దారులే కొంత వెలుగుతాయని. ఒక్క ముక్కలో పోయిందని పేకాటరాయుడు చెప్పే మాటకు అర్థం అదే. దాన్ని యాప్ తయారుచేసినవాడూ చదువుకునే ఉంటాడు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ ఆటలను నిషేధిస్తూ చట్టాలు తెచ్చాయి. లొకేషన్ మార్చి ఆడారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఈ యాప్‌లకు ప్రచారం చేసిన తారల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెడితే, 'మాకు తెలియదండీ' అన్న ధోరణి. ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ డబ్బు ఆటలను మొత్తంగా నిషేధించాకే ఫాంటసీ క్రికెట్ గొంతు పడిపోయింది. షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ) సంగతి ఒక్క ముక్కలో: 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీయే చెప్పింది.

ఇదంతా ఒక పక్కన పెట్టి, ఇరవై ఏళ్ల కుర్రాడికి 'తప్పు నీ మెదడుదిరా, కడుక్కో' అని చెప్పడానికి నోరెలా వస్తుంది? వందలమంది ఇంజినీర్లు జీతాలు తీసుకుని పన్నిన వలలో పడ్డవాడు మళ్లీ ఫీజు కట్టి ప్రాయశ్చిత్తం చేసుకోవాలా?

మరో ముచ్చట ఉంది. పొలంగట్ల మీద పాకే దూలగొండి తెలుసు కదా, కాయ తగిలితే ఒళ్లంతా దురద. దాని గింజల్లో ఎల్-డోపా నిజంగానే ఉంటుంది. ఆ పొడిని సీసాల్లో పోసి 'డోపమైన్ బూస్టర్' అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. తగ్గించేవాడొకడు, పెంచేవాడొకడు, జేబు మాత్రం ఆ కుర్రాడిదే.

ఆదివారం ఫోన్ కట్టేసి, పిల్లలతో అష్టాచెమ్మా ఆడుకుని, మధ్యాహ్నం పప్పన్నం తిని పడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. చక్కటి పని. మన నాయనమ్మలు ఒక్కపొద్దు ఉన్నప్పుడు ఏ రసాయనం పేరూ చెప్పుకోలేదు, సర్టిఫికెట్ కూడా అడగలేదు. ఈ శిబిరాల వాళ్లు ఇస్తారు. ఫ్రేమ్ కట్టించుకుని గోడకు తగిలించుకునేంత మందపాటి కాగితం మీద.

వచ్చే నెల శిబిరం కరపత్రం ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. ధ్యానం, మౌనం, ఉప్పు లేని భోజనం, డోపమైన్ నుంచి సంపూర్ణ విముక్తి. అట్టడుగున ఎర్రటి గిఫ్ట్ డబ్బా బొమ్మ, దాని పక్కన ఒక లైను: మొదట నమోదు చేసుకున్నవారికి సర్‌ప్రైజ్ బహుమతి. అదేమిటో రాయలేదు.