రెండు నైదు నొకటి: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
రెండు నైదు నొకటి రేయెల్ల మీటిన
పక్కయింటి వారు పలుకరింత్రు
"శ్రుతియు కుదిరె నింక షురువు చేయుము పాట"
భద్రగిరిని జాజు బతుకు లిట్లు.

అవతారిక: భద్రాచలంలో అద్దె ఇంట కాపురముంటూ, ఏ గురువూ దొరకక, ఫోను చూసి జాజ్ గిటారు నేర్చుకుంటున్న ఒకానొక నాయకుడు, గోడ అవతలివారి పలకరింపుకు నొచ్చుకొని చెప్పుకున్న పద్యమిది. నాయకుడు ధీరలలితుడని లాక్షణికులు. ఇంటావిడ అభిప్రాయం వేరు.

ప్రతిపదార్థం: రెండున్ ఐదున్ ఒకటి = శంకరాభరణంలో రెండో స్వరం, ఐదో స్వరం, ఒకటో స్వరం మీద కట్టిన మూడు కార్డులను; రేయెల్ల = రాత్రంతా (కరెంటు ఉన్నంతసేపు అని గ్రహించాలి); మీటినన్ = వాయించగా; పక్కయింటివారు = సారపాక కాగితం మిల్లులో పొద్దుటి షిఫ్టుకు పోవలసినవారు; పలుకరింత్రు = మర్యాదగానే అడుగుతారు; శ్రుతియున్ కుదిరెన్ = తీగలు సరిచేయడం అయిపోయింది కదా; ఇంకన్ = ఇప్పటికైనా; పాట షురువు చేయుము = అసలు సంగతికి రా; భద్రగిరిని = భద్రాచలంలో; జాజు బతుకులు = జాజ్ వాయించేవారి బతుకులు (గడపకు పూసే జాజు కాదు); ఇట్లు = ఇలాగే ఉంటాయి.

తాత్పర్యం: సుగమం.

విశేషాలు: 'షురువు' అన్నచోట 'మొదలు' అని గోదావరి పాఠమొకటి ఉంది. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలోదే గనుక ఆ పాఠానికి చారిత్రకంగా బలముంది. అయినా యతి చెడుతుంది, కాబట్టి ఖమ్మం పాఠమే గ్రాహ్యం. వాద్యం విషయంలోనూ పాఠభేదం కనిపిస్తుంది. గిబ్సన్ అని అమెరికా ప్రతి, గివ్‌సన్ అని కోల్‌కతా ప్రతి. మన నాయకుడి చేతికి అందింది రెండో పాఠం. మెట్లపలకకు వాడే రోజ్‌వుడ్డు మాత్రం ఈ అడవుల్లో జిట్రేగి పేరుతో పెరిగేదే.

ఇక 'రెండు నైదు నొకటి'. ఇక్కడ కొంచెం ఆగాలి. మొదటి కార్డులో రి-మ-ద-స, రెండోదానిలో ప-ని-రి-మ, మూడోదానిలో స-గ-ప-ని. నాలుగేసి స్వరాలూ పట్టనక్కర్లేదు, రెండు వేళ్లు చాలు. సన్నతీగ నుంచి లెక్కిస్తే నాలుగో తీగ మూడో మెట్టు మీద మధ్యమం, మూడో తీగ ఐదో మెట్టు మీద షడ్జం పట్టండి. మధ్యమాన్ని కదపకుండా షడ్జాన్ని ఒక్క మెట్టు దింపితే నిషాదం వస్తుంది, రెండో కార్డు అయింది. ఇప్పుడు నిషాదాన్ని ఉంచి మధ్యమాన్ని ఒక్క మెట్టు దింపితే గాంధారం, మూడోదీ అయింది. ఒకరు నిలబడితే ఒకరు దిగడం, అంతే కథ. రాగంలో ఆధార షడ్జం కదలదు, మన చెవి దాన్ని పట్టుకుని నిశ్చింతగా ఉంటుంది. ఇక్కడ ప్రతి కార్డుకూ కాళ్లకింద నేల మారుతుంది, మారిన ప్రతిసారీ కొత్త నేలమీద అడుగు సరిగ్గా పడాలి. రేయెల్ల సాధన అందుకే. రెండు వేళ్లేమిటని నవ్వేవారికి జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ సమాధానం. 1928లో బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోతే, మిగిలిన రెంటితోనే స్వరకల్పన చేసి ఐరోపాను ఊపేశాడు.

పక్కయింటివారిని ఈ పద్యంలో ప్రతినాయకులుగా చెప్పడం పూర్వ వ్యాఖ్యాతల పొరపాటు. జాజ్ గిటారు శాస్త్రంలో సగం పక్కింటివారు పెట్టిన భిక్షే. మొదట్లో ఈ వాద్యం బాకాల మధ్య వినపడేది కాదు. 1939లో చార్లీ క్రిస్టియన్ బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, కరెంటు గిటారుతో సాక్సాఫోనుకు దీటుగా పలికించాడు. పాతికేళ్లకే, 1942లో, క్షయతో పోయాడు. అతని రికార్డులు విని ఇండియానాపొలిస్‌లో వెస్ మాంట్‌గోమరీ గిటారు పట్టాడు. పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి సాధన. చప్పుడుకు ఇరుగుపొరుగు విసుక్కుంటే మీటే బిళ్ల పక్కన పడేసి బొటనవేలి కండతో మెత్తగా మీటాడని ప్రసిద్ధి. ప్రపంచం ఈనాటికీ అనుకరించబోయి ఓడిపోతున్న నాదం అదే. సారపాక షిఫ్టు మనిషి గోడ తట్టినప్పుడు మన నాయకుడు వెతుక్కోవలసింది తన బొటనవేలిని.

ఆ తట్టడానికీ ఒక క్రమముంది. భద్రాచలం గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. గోడ మీద చప్పుడు మొదటిది. "తమ్మీ!" అన్న పిలుపు రెండోది. ఇంటి ఓనరుకు ఫోను వెళ్తే మూడోది, సామాను పైకెత్తుకోవలసిందే.

పాట ఏదీ అన్న ప్రశ్నలోనూ న్యాయముంది. రామదాసైన నేలకొండపల్లి గోపన్న కీర్తనలు విని పెరిగిన చెవి పల్లవి కోసం చూస్తుంది. జాజ్‌లోనూ పల్లవి లాంటిది లేకపోలేదు. పాటను ఒకసారి ఉన్నదున్నట్టు వాయించి, ఆ కార్డుల మీదే కల్పన సాగించి, చివర మళ్లీ పాటకు రావాలి. మన నాయకుడు మొదలూ చివరా వదిలేసి ఏడాదిగా మధ్యలోనే తిరుగుతున్నాడు. ఇదే గోదావరి దిగువన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో, పదిహేనేళ్లయినా నిండకుండా, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశాడు. జాజ్ వాయించి కాదు, మన కర్ణాటక సంగీతమే వాయించి. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాలిన్ పక్కన కూర్చున్నదీ ఆ బలంతోనే.

వ్యాకరణం: మూడో పాదం తర్వాత 'అనుచు' లోపించింది, అధ్యాహారం చేసుకోవాలి. కాదు, పక్కింటాయన ఆ మాట అంటూనే లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడని, అందుకే కవికి ఆ మాట రాసే వ్యవధి చిక్కలేదని ఒక నవీన వ్యాఖ్యాత. ఆయన అడిగింది రామదాసు కీర్తనట, అదీ ఆనందభైరవిలో. దాని కింద రెండు నైదు నొకటిని ఎక్కడ ఇరికించాలో ఏ లక్షణగ్రంథంలోనూ లేదు.