రేవు దిగిన వెనుక: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

ఇటలీ దేశపు రేవుపట్టణాన్ని ఒక్క పగటిలో చూసి మరలవలసిన యాత్రికుణ్ణి ఉద్దేశించిన ఈ ఆటవెలదికి కర్త పేరు చెప్పుకోలేదు. అయినా అతడు లోకవ్యవహారం ఎరిగినవాడని, ఒకటి రెండుసార్లు జరిమానా కట్టినవాడని మూడో పాదాన్ని బట్టి ఊహించవచ్చు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానాలు రచించిన కోలాచలం మల్లినాథసూరి నియమాన్ని యాత్రా గ్రంథాలకు వర్తింపజేస్తే వాటిలో సగం పుటలు మిగలవు కాబట్టి, ఈ టీక ఆ ప్రతిజ్ఞను శక్తికొద్దీ మాత్రమే పాటిస్తుంది.

మూలం

ఆ. రేవు దిగిన వెనుక రేయి కాక మునుపె
తిరిగి యోడ చేర దెలివి వలయు
ముందు పైక మిచ్చి ముద్ర వేయించియు
నిలిచి కాఫి త్రాగ నేర్వ వలయు

ప్రతిపదార్థం

రేవు దిగిన వెనుక = ఓడ విడిచి రేవులో అడుగుపెట్టిన తరువాత; రేయి కాక మునుపె = చీకటి పడకముందే, అనగా ఓడవారు విధించిన గడువు లోపలనే; తిరిగి = ఊరు చుట్టి, మరల అనియు; ఓడ చేరన్ = ఓడను చేరుటకు; తెలివి వలయు = ఉపాయము కావలెను; ముందు = మొదటనే; పైకము ఇచ్చి = యూరోలు చెల్లించి; ముద్ర వేయించియు = టికెట్టుపై తేదీ, వేళ అచ్చువేయించుకొని; నిలిచి = బల్లయొద్ద నిలబడి; కాఫి త్రాగన్ = కాఫీ త్రాగుటను; నేర్వ వలయు = అలవరచుకొనవలెను. కర్త చెప్పబడలేదు కనుక ‘యాత్రికుడు’ అని అధ్యాహారం చేసుకోవాలి. అధ్యాహారమంటే మూలంలో లేని పదాన్ని అర్థం కోసం తెచ్చి కలుపుకోవడం.

తాత్పర్యం

ఓడ ఆగదు, ఊరు తరగదు, డబ్బు ముందే ఇవ్వాలి, కాఫీ నిలబడి తాగాలి అని భావం.

వ్యాఖ్య

పద్యంలో ఊరి పేరు లేకపోవడం వల్ల ఇది ఏ రేవు అనే సందేహం కలుగుతుంది. చీవీతవెక్కియా అని కొందరు, లివోర్నో అని కొందరు పూర్వపక్షం చేస్తారు. పూర్వపక్షమంటే ఖండించడం కోసం ముందుగా నిలబెట్టే ఎదుటివాదం. చీవీతవెక్కియాలో దిగినవాడు దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని రోముకూ, లివోర్నోలో దిగినవాడు పీసాకో ఫ్లోరెన్సుకో రైలెక్కుతాడు కాబట్టి అక్కడ రేవు దిగడం బండి మారడమే తప్ప ఊరు చూడడం కాదు. జెనోవా వాదం ఇంతకన్నా గట్టిది; అక్కడి పాత రేవు ఊరి ఒడిలోనే ఉంది. అయితే నాలుగో పాదంలో ‘కాఫి’ అనే మాట ఉండగా నేపుల్స్‌ను కాదని మరో ఊరిని చెప్పడం రసజ్ఞుల పని కాదు. నేపుల్స్‌లో, అనగా అక్కడివారు నాపొలి అని పిలుచుకొనే ఊరిలో, పెద్ద ఓడలు ఆగే కట్టడం నుంచి రోడ్డు దాటితే ఆంజూ వంశపు మొదటి చార్లెస్ 1279లో మొదలుపెట్టించిన కాస్తెల్ నువోవో కోట, దాని ప్రక్కన మెట్రో స్టేషను ఎదురవుతాయి కనుక ‘దిగిన వెనుక’ అనే మాట ఇక్కడే పూర్తిగా సార్థకమవుతుంది.

‘రేవు’ అనేది ఏకవచనమే అయినా జాతిపరంగా ఉన్న ఏకవచనమని గ్రహించాలి. కాప్రి, ఇస్కియా, ప్రోచిదా దీవులకు పోయే వేగనౌకలు మోలో బెవెరెల్లో నుంచి, కార్లను సైతం ఎక్కించుకొనే నిదానపు పడవలు కొంత అవతల ఉన్న కలాతా పోర్తా ది మస్సా నుంచి బయలుదేరుతాయి. టికెట్టుపై ఏ రేవు రాసి ఉందో చూడక ఒకచోటికి బదులు మరొకచోట నిలబడి, తన పడవ ఎదుటనే వెళ్లిపోవడం చూసేవారికి ఈ ఏకవచనం మీద కోపం వస్తుంది. సముద్రం అల్లకల్లోలమైన రోజున వేగనౌకలు ముందుగా ఆగిపోతాయని, పెద్ద పడవలు ఇంకొంత ఓర్చుకుంటాయని తెలిసినవాడు కాప్రిలో చిక్కుబడడు.

‘తిరిగి’ అన్నచోట శ్లేష ఉంది. సంచరించి అనేది మొదటి అర్థం, మరల అనేది రెండోది. మొదటిదానిలో మునిగి రెండోదాన్ని మరచినవారి కోసం ఓడ లంగరు ఎత్తడం ఆపదు. ఓడవారు ఏర్పాటు చేసిన విహారంలో పోయినవారి కోసం వేచి ఉండడం కద్దు గాని, సొంతంగా పోయినవారి కోసం వేచి ఉండడం లేదు. అందువల్లనే కవి ‘తెలివి వలయు’ అన్నాడు. ఆ తెలివి ఎటువంటిదంటే, అర్ధదినం మాత్రమే చేత ఉన్నవాడు పొంపేయి అంతటినీ చూడాలని ఆశపడక ఎర్కొలానో చూడడం. రెండు ఊళ్లూ క్రీ.శ. 79లో వెసూవియో అగ్నిపర్వతం కక్కిన బూడిద మొదలైనవాటి కింద పూడిపోయినవే. కాని ఎర్కొలానో చిన్నది, దగ్గరిది, అక్కడ కాలిన కొయ్య దూలాలు, మేడ అంతస్తులు నేటికీ నిలిచి ఉన్నాయి. చిర్కుమ్వెసువియానా అనే లోకల్ రైలు రెండింటికీ పోతుంది. పొంపేయికే పోయి తీరాలనుకొనేవాడు ‘పొంపేయి స్కావి – విల్లా దేయి మిస్తేరి’ అనే స్టేషనులో దిగాలి, ఎందుకంటే పొంపేయి పేరుగల స్టేషన్లు వేరే కూడా ఉన్నాయి; 2024 నవంబరు నుంచి అక్కడ రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతూ, టికెట్టు మీద పేరు వేస్తున్నారు కాబట్టి పాస్‌పోర్టు వంటి గుర్తింపు పత్రం దగ్గర ఉండాలి. ఊరిలోనే ఉండిపోదలచినవానికి మంగళవారం అకాలం: పొంపేయి నుంచి తెచ్చిన కుడ్యచిత్రాలు గల పురావస్తు మ్యూజియం, సాన్‌సెవేరో ప్రార్థనామందిరం రెండూ ఆనాడు మూసి ఉంటాయి. ఆ మందిరంలో జుసెప్పె సన్‌మార్తినో 1753లో చెక్కిన క్రీస్తు విగ్రహం ఉంది. మృతదేహం మీద కప్పిన పలుచని ముసుగు, దాని కింద నుదుటి నరం, ముక్కుపుటాలు, అన్నీ ఒకే పాలరాతివి. అది గుడ్డే అని, రసవాదంతో రాయి చేశారని అక్కడ ఒక కథ పుట్టిందంటే ఆశ్చర్యం లేదు. టికెట్టు రోజుల ముందే కొనకపోతే ఈ వర్ణనతోనే తృప్తిపడాలి.

తెలివిలో వీధి దాటడం కూడా చేరుతుంది. హైదరాబాదు కోఠి చౌరస్తాను దాటడం వచ్చినవారికి ఇది కొత్త విద్య కాదు. స్కూటర్లు ఆగుతాయని నమ్మి నిలబడక, అవి ప్రక్కకు తప్పుకొనేటట్లు ఒకే వేగంతో నడవడమే రహస్యం. సంచి మాత్రం గోడవైపు భుజానికి ఉండాలి.

మూడో పాదంలోని ‘ముందు’ అనే పదానికి కాకాక్షి న్యాయం వర్తిస్తుంది. కాకి ఒకే కనుగుడ్డును రెండు కళ్లకూ తిప్పుకుంటుందన్న నమ్మకాన్ని బట్టి, ఒకే పదం రెండుచోట్ల అన్వయించడాన్ని ఆ పేరుతో చెబుతారు. ముందు పైకమివ్వాలి, ముందు ముద్ర వేయించాలి. కాగితపు టికెట్టు కొన్నంత మాత్రాన ప్రయాణాధికారం సిద్ధించదు. ప్రాంతీయ రైలుకైతే ప్లాట్‌ఫారం దగ్గర, బస్సుకైతే లోపల బిగించిన చిన్న యంత్రంలో దాన్ని దూర్చి వేళ ముద్ర పడేటట్లు చూడాలి. డబ్బిచ్చి కొన్నానుగదా అనే వాదం తనిఖీదారు ముందు నిలవదు, జరిమానా నిలుస్తుంది. సీటు అంకె వేసి ఇచ్చే వేగరైళ్ల టికెట్లకు ఈ విధి లేదు. బస్సు టికెట్లు పొగాకు దుకాణాల్లో దొరుకుతాయి. నల్లని పలకపై పెద్ద తెల్లని ‘టీ’ అక్షరం వాటి గుర్తు, అది తేనీటి దుకాణమని భ్రమించరాదు.

‘ఇచ్చి’ అనేది క్త్వార్థకం, అనగా ముందు జరిగిన పనిని తెలిపే అసమాపక క్రియ. కాబట్టి పైకం పూర్వక్రియ, కాఫీ ఉత్తరక్రియ. అనేక కాఫీ అంగళ్లలో కాస్సా అనే గల్లా వద్ద డబ్బు కట్టి, చీటీ తెచ్చి బల్లమీద పెట్టాలి. మొదట ఒక చిన్న గ్లాసుడు నీళ్లు వస్తాయి. అవి నోరు కడిగి కాఫీ రుచికి సిద్ధం చేయడానికి ముందు తాగవలసినవే గాని, కాఫీ తరువాత తాగితే రుచిని అవమానించినట్లు. ఆపైన రెండు గుక్కల నల్లని కాఫీ కాలుతున్న కప్పులో వస్తుంది. పాలకాఫీ ఆశించి ‘లాత్తె’ అని అడిగినవానికి ఉత్త పాలు వస్తాయి, తప్పు అంగడివాడిది కాదు. ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బు కట్టి, రెండోదాన్ని ఎవరో ఎరగని పేదవానికి విడిచిపోయే ‘కాఫె సొస్పేసొ’ అనే ఆచారం ఈ ఊరిదే. ‘పైకమిచ్చి’ అన్నచోట ఎన్ని కాఫీలకో కవి చెప్పకపోవడంలో ఇది ధ్వనిస్తున్నదని సహృదయులు గ్రహించాలి.

భోజనం ప్రస్తావన పద్యంలో లేదు. అయినా శాకాహారుల హితం కోరి ఒక మాట. మరినారా పిజ్జా పేరు నావికులను స్మరింపజేసినా అందులో చేప లేదు, జున్నూ లేదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె మాత్రమే. హోటలు లెక్కలో మనిషికింత అని కనిపించే ‘కొపెర్తొ’ బల్లరుసుము; అది మోసం కాదు, దాని గురించి వాదించరాదు.

‘వలయు’ రెండుసార్లు రావడం పునరుక్తి దోషమనే ఆక్షేపణ నిలవదు; మొదటిది ఓడ తప్పిపోకుండా, రెండోది డబ్బు వృథాపోకుండా.

పాఠాంతరం

నాలుగో పాదానికి ‘కూర్చుని కాఫి త్రాగ’ అని కొందరు పాఠం చెబుతారు. ఆ పాఠంలో సూర్యగణం ఉండవలసినచోట భగణం పడి గణభంగం, ‘కూ’కు ‘నే’తో మైత్రి లేక యతిభంగం కలుగుతాయి, ఒకటి, ఒకటిన్నర యూరోల కాఫీకి కుర్చీ వెల కూడా కలిసి పైకభంగం మూడోది. కనుక అది త్యాజ్యం.