నీలి అట్ట మీది బొటనవేలు

నేనొక పంచాంగాన్ని. బెంగాలీ అక్షరాల్లో అచ్చయి, లేత నీలి కాగితపు అట్ట తొడుక్కుని, జల్పాయిగురి జిల్లాలో భూటాన్ సరిహద్దు దగ్గరి ఒక టీ తోట మేనేజరు ఇంటికి చేరాను. ఏ రోజు ఏ తిథి, ఏకాదశి ఎప్పుడు, పౌర్ణమి ఎప్పుడు అని చెప్పడమే నా పని. ఆ పని లేనప్పుడు ఆయన కాగితాల పెట్టెలో, ఉత్తరాల మధ్య ఉండేదాన్ని.

1897లో ఆ మేనేజరు తన మంచం మీదే గొంతు తెగి, చనిపోయి కనిపించాడు. నేనున్న పెట్టెను ఎవరో కెలికేశారు. ఇనప్పెట్టెలోంచి కొన్ని వందల రూపాయలు పోయాయి. జరిగింది కళ్లారా చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ ఎవరి ముఖమూ చూడలేదు. నా దాకా వచ్చింది ఒక చెయ్యి మాత్రమే.

చూసినవాళ్లు లేనప్పుడు అనుమానం ముందుగా దిక్కులేనివాళ్ల మీదికే పోతుంది. పని చేయించడంలో మేనేజరు కఠినుడని పేరు, కాబట్టి కూలీలే కక్షకొద్దీ చంపి ఉంటారన్నారు. ఆయనతో సంబంధం ఉన్న ఒక స్త్రీ బంధువులన్నారు. ఆ చుట్టుపక్కల కొత్తగా గుడారాలు వేసుకున్న కాబూలీలన్నారు. దొంగతనం కేసులో మేనేజరు జైలుకు పంపించిన పాత నౌకరు పేరు కూడా వచ్చింది. అతను కొన్ని వారాల ముందే విడుదలయ్యాడు గాని, ఆ తర్వాత జిల్లాలో అతన్ని చూశామని చెప్పినవాళ్లు లేరు. వీళ్లందరికంటే గట్టిగా చిక్కుకున్నవాడు వంటవాడు. అతని బట్టల మీద నెత్తురు మరకలున్నాయి.

యజమాని భోజనానికి పావురాన్ని కోశాననీ, ఆ మరకలు దాని నెత్తురేననీ వంటవాడు చెప్పుకున్నాడు. పక్షి నెత్తుటిలో ఎర్రకణాలు కోలగా, లోపల కేంద్రకంతో ఉంటాయి. క్షీరదాల కణాలు సాధారణంగా గుండ్రంగా ఉంటాయి, వాటిలో కేంద్రకం ఉండదు. ఆ కాలానికే సూక్ష్మదర్శినిలో ఈ తేడా కనిపెట్టగలిగేవారు. రసాయన పరీక్షకుడి నివేదిక వంటవాడి మాటనే బలపరిచింది. అదే లేకపోతే అతని గతి ఏమయ్యేది? బట్టల మీద నెత్తురుంది. ఉండేది ఆ ఇంట్లోనే. పెట్టె ఎక్కడుందో తెలిసినవాడు. ఒక పేదవాణ్ణి ఉరికంబం దాకా నడిపించడానికి ఈ మూడూ సరిపోయేవేమో. నాలుగు సంగతులు పక్కపక్కన పెడితే చాలు, ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే కనిపిస్తాయి. నిజంగా పట్టుకున్నాయో లేదో లాగి చూడాలి. పరిస్థితుల సాక్ష్యమంటే నాకున్న భయం ఆ వంటవాణ్ణి తలుచుకున్నప్పుడల్లా పెరుగుతుంది.

పెట్టెలోని కాగితాలు తిరగేస్తుంటే నా అట్ట మీద రెండు మసక గోధుమరంగు మరకలు పోలీసుల కంటపడ్డాయి. భూతద్దం పెట్టి చూస్తే, అందులో ఒకటి ఎవరిదో కుడిచేతి వేలిముద్రలో కొంత భాగమని తేలింది. నన్ను కలకత్తాకు తీసుకుపోయారు.

నా అదృష్టమో, న్యాయం అదృష్టమో, శిక్షపడినవాళ్ల వేలిముద్రలను వరుసపెట్టి భద్రపరిచే కార్యాలయం ఆ ఏడాదే కలకత్తాలో మొదలైంది. ప్రపంచంలో అలాంటి తొలి కార్యాలయాల్లో అదొకటి. దాని వెనక ఉన్న వర్గీకరణకు ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు గాని, లెక్కలు కట్టి దానికి రూపమిచ్చినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఆ ఇద్దరి పేర్లు చెప్పకుండా నా కథ చెప్పడం నాకిష్టం లేదు. పది వేళ్ల ముద్రలను బట్టి 1,024 తరగతులు చేసిన పద్ధతి అది. నా మీద ఉన్నదేమో ఒకే వేలు, అదీ పూర్తిగా లేదు. అయితే పాత నౌకరు పేరు అప్పటికే అనుమానితుల్లో ఉంది, అతని వేలిముద్రలు ఆ కార్యాలయంలో ఉన్నాయి. పోల్చి చూశారు. అది కంగాళీ చరణ్ అనే ఆ నౌకరు కుడి బొటనవేలే. వందల మైళ్ల దూరంలో బీర్భూమ్ జిల్లాలో అతన్ని పట్టుకుని, కలకత్తా తెచ్చి, మళ్లీ ముద్ర తీసుకున్నారు.

వేలు ఎవరిదో తెలిసింది. కానీ అక్కడితో నేరం రుజువైపోదు. ఆ ఇంట్లో నౌకరీ చేసిన మనిషి నన్ను ఎప్పుడైనా ముట్టుకుని ఉండొచ్చు కదా? ముద్దాయి తరఫున ఎవరైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఒట్టి చెమట ముద్రే అయితే దీనికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. పైగా నేను ఇంటి గోడను కాను, చేతులు మారే పుస్తకాన్ని. నన్ను ఎక్కడ పట్టుకున్నా ముద్ర పడుతుంది. జవాబు చెప్పింది నెత్తురు. ఆ మరక క్షీరదపు నెత్తురని రసాయన పరీక్షకుడు ధ్రువీకరించాడు. అది మనిషిదేనని చెప్పే పరీక్ష అప్పటికింకా లేదు, 1901లో గాని రాలేదు. అయినా గొంతు తెగిన మనిషి ఇంట్లో, కెలికేసిన పెట్టెలో, డబ్బు మాయమైన సందర్భంలో, నెత్తురంటిన బొటనవేలు నా మీద ఎందుకు పడిందో ముద్దాయికి అనుకూలంగా చెప్పగల కథ ఏదీ మిగల్లేదు. ఇనప్పెట్టె తాళంచెవి కోసం కాగితాలు తడిమిన చెయ్యి అది.

1898లో జడ్జి, ఆయనకు అభిప్రాయం చెప్పే అసెసర్ల ముందు విచారణ జరిగింది. హత్య, దొంగతనం రెండూ మోపారు. హత్య చూసినవారు లేరు కాబట్టి ఆ నేరానికి శిక్షించడం క్షేమం కాదని అసెసర్లు అభిప్రాయపడ్డారు. దొంగతనం మాత్రం తిరుగులేకుండా రుజువైందన్నారు. దొంగతనానికే శిక్షపడింది. అప్పీలులో పై కోర్టు జడ్జీలూ ఆ తీర్పునే నిలబెట్టారు.

అది పిరికి తీర్పు అన్నవాళ్లుంటారు. దొంగ అతనే అయితే హంతకుడు మాత్రం ఇంకెవరు అంటారు. నేను ఒప్పుకోను. ఆ చెయ్యి పెట్టెలోకి వచ్చిందని నేను చెప్పగలను. కత్తి పట్టిందని చెప్పలేను. లోపల ఒక్కడే ఉన్నాడో, ఇద్దరున్నారో నాకు తెలియదు. నేను చెప్పగలిగినంత మేరకే కోర్టు నడిచింది, ఆపైన ఒక్క అడుగు కూడా వేయలేదు. నా జీవితంలో నాకు దక్కిన పెద్ద గౌరవం అదే.

ఆ మరుసటి ఏడాది, 1899లో, సాక్ష్య చట్టం 45వ సెక్షన్‌లో నిపుణుల అభిప్రాయం చెల్లే విషయాల్లో వేలిముద్రలనూ చేర్చారు. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్. 1902లో లండన్‌లో హ్యారీ జాక్సన్ అనేవాడు డెన్మార్క్ హిల్‌లో ఒక ఇంట్లో చొరబడి బిలియర్డ్స్ బంతులు ఎత్తుకుపోయాడు. కొత్తగా రంగు వేసిన కిటికీ అంచు మీద అతని బొటనవేలి ముద్ర మిగిలింది. ఏడేళ్ల జైలు పడింది. నాకు నెత్తురు ఎలాంటిదో, ఆ కిటికీకి పచ్చి రంగు అలాంటిది. వేలు ఎవరిదన్నదే కాదు, ఎప్పుడు పడిందన్నదీ ఆ రంగు చెప్పింది.

కాబట్టి, ముఖం చూసినవాడు లేకుండా ఇల్లు దోచిన కేసులో శిక్ష నిలుస్తుందా అని అడిగితే, నిలుస్తుందనే నా జవాబు. కానీ వీధి తలుపు బయట దొరికిన ముద్రకూ, బీరువా లోపలి అరలో దొరికిన ముద్రకూ ఒకే విలువ కట్టకూడదు. మొదటిది వేరే పనిమీద వచ్చినవాడిదీ కావొచ్చు. 1984లో శరద్ బిర్ధీచంద్ శార్దా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: రుజువైన సంగతులు ముద్దాయి నేరానికి తప్ప మరే ఊహకూ చోటివ్వకూడదు. పోల్చేవాళ్లూ పొరబడతారు. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల తర్వాత, ఒక సంచి మీది ముద్ర అమెరికాలోని ఒక లాయరుదేనని అక్కడి నిపుణులు తేల్చారు. స్పెయిన్ పోలీసులు అది ఇంకొకరిదని చూపించాకే అతను బయటపడ్డాడు.

దర్యాప్తు చేసే బాబులూ, ముద్ర దొరికిన చోట ఏదీ కదిలించకముందే ఫొటో తీయండి, ఏ వస్తువు ఏ అరలో ఎలా ఉందో పంచనామాలో రాయండి. నిపుణుడికి ముద్దాయి పేరు చెప్పి పంపకండి. తీర్పు చెప్పే పెద్దలారా, ముద్ర కలిసిందని వినగానే కలం అందుకోకండి. అది అక్కడికి మరో దారిలో వచ్చి ఉండొచ్చా అని ముద్దాయి పక్కన నిలబడి ఒకసారి అడగండి. జవాబు దొరకనప్పుడే శిక్ష వేయండి. అదీ ముద్ర చెప్పిన నేరానికి మాత్రమే.