పరదాల చీటికి టీకాతాత్పర్యములు

అవతారిక: 1956లో హైదరాబాదు రాష్ట్రము విడివడి నాందేడు సీమ బొంబాయి రాష్ట్రమునను, 1960లో మహారాష్ట్రమునను చేరిన పిదపను, ఇంట తెలుగు మానని పద్మశాలి కుటుంబములు నాందేడునందు పెక్కు గలవు. అట్టి యొక కుటుంబపు గృహిణి, అనగా ఈ వ్యాఖ్యాత సహధర్మచారిణి, పరదాలు కుట్టు దర్జీకి తెలుగున చెప్పగా అతడు మరాఠీ లిపిలో వ్రాసికొన్న చీటియే ప్రకృత గ్రంథము. పరిమాణమున స్వల్పమే యైనను, ఇల్లు కట్టిన మేస్త్రీకి గాని, అద్దములు బిగించిన వడ్రంగికి గాని తోపని దిగ్జ్ఞానము దీనియందు నిగూఢమై యున్నందున టీక ఆవశ్యకమైనది.

మూలము: పడమటి కిటికికి బయట తడక, లోపట తెల్ల అస్తరు.

టీక: పడమటి కిటికికి = అస్తమయ దిక్కునకు తెరచుకొను హాలు గవాక్షమునకు; బయట = చువ్వలకు ఆవల; తడక = వట్టివేళ్లతో అల్లిన తట్టి; లోపట = గదియందు; తెల్ల అస్తరు = పరదా వెన్నున, వీధివైపునకు, కుట్టు ధవళవస్త్రము. 'కట్టుము' అను క్రియ అధ్యాహార్యము.

తాత్పర్యము: నాందేడు ఉత్తరముగా 19 డిగ్రీల అక్షాంశమున నున్నది గావున, మే నడుమను, జూలై చివరను మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును, అప్పటి తాపమును మోయునది పైకప్పే కాని కిటికీ కాదు. దక్షిణపు కిటికీకి మూరెడు సజ్జా యున్న నది యెండకు గొడుగు పట్టును. ఇక సాయంకాలము నాలుగు దాటినంతనే సూర్యుడు సజ్జా క్రిందుగా వంగి, అడ్డగింపరాని బంధువువలె హాలున చొరబడి, ఎదుటి గోడనున్న క్యాలెండరును సైతము ఎండగట్టును. 42 డిగ్రీలు దాటుట వింత కాని మే నెలలో ఈ చొరబాటు ఎట్టిదో అనుభవించినవారికి సూత్రమున పడమర మొదట నిలుచుటకు హేతువు చెప్పనక్కర లేదు.

ఇచట బట్టల దుకాణదారుడు పూర్వపక్షము చేయుచున్నాడు: దళసరి నల్లగుడ్డ నొకదానిని లోపల వ్రేలాడదీసిన చాలదా, ఈ తడకల బాధ యేల, అని. చాలదు. అద్దమును దాటి వచ్చిన యెండను నల్లగుడ్డ త్రాగును. త్రాగి తాను కాగును. కాగి ఆ వేడిమిని గదికే విడుచును. ఆ వేడిమి మరల అద్దము గుండ సులభముగా వెలుపలికి పోనేరదు. చీకటి మాత్రము లాభము. తెల్లని అస్తరు కొంత వెలుగును వచ్చిన దారినే మరలించును. తడకయో, ఎండను అద్దమును తాకకమునుపే అడ్డుకొనును. దానిపై నీరు చల్లినచో, వీచు పొడిగాలి ఆ తడిని ఆవిరి చేయుటయందు తన వేడిమిని కోల్పోయి, పరిమళముతో లోపలికి వచ్చును. అయితే ఇది గాలి పొడిగా నున్నన్నినాళ్లే. మృగశిర కార్తె వానలు పడగనే తడకను ఆరబెట్టి అటకకు ఎక్కింపవలయును. లేకున్న బూజు పట్టును.

మూలము: పడకింట్ల నిండు పరద, కిటికికి రెండింతల గుడ్డ.

తాత్పర్యము: మూడున్నర అడుగుల కిటికీకి ఏడడుగుల పన్నా వలయునని అర్థము, అంతకు తగ్గినచో కుచ్చిళ్లు పడక, పరదా ఆరవేసిన దుప్పటివలె కనబడును. రాడ్డు చట్రముకంటె ఇరుప్రక్కల జానెడు సాగవలెను. లేకున్న తూర్పు పొద్దు ఆ సందున దూరి సరిగా దిండుమీదనే పడును. 'నిండు' అనుటచే నేలకు వ్రేలెడు ఎత్తువరకు దింపుమనియు గ్రహింపవలెను.

మగ్గమెరిగిన యింటివారు గావున గ్రంథకర్త్రి ఇచట చెప్పక విడిచిన దొకటి కలదు. సన్నని నేతకు ఒకనాడు పేరుగన్న ఊరిది. నిజాము కాలపు ఉస్మాన్‌షాహీ మిల్లు ఇచటిదే. కొత్త నూలుగుడ్డను ఆమె మొదట వెలుతురు కెత్తి, అరచేయి వెనుక నుంచి, వ్రేళ్లు విడివిడిగా కనబడునేమో చూచెను. పిదప రాత్రి తొట్టిలో నానవేయగా, గంజి తెల్లగా పైకి తేలెను. తెల్లవారి ఆరినపిమ్మట కొలిచిన, పొడవున బెత్తెడు తగ్గి యుండెను. ఆ బెత్తెడు కుట్టిన పిదప తగ్గి యుండిన, పరదా మోకాలు చూపు పంచె అయి యుండెడిది. నానవేయకుండ కత్తెర పెట్టు దర్జీ ఎంతటి పనివాడైనను ప్రమాణపురుషుడు కాడు.

మూలము: వంటింట్ల సగం.

తాత్పర్యము: క్రింది సగమునకే యని భావము, పైసగమున పొగయు, పోపు ఘాటును పోవలెను. పొయ్యి ప్రక్కనున్న కిటికీకి ఆ సగము కూడ నిషిద్ధము. గాలికి గుడ్డ మంటవైపు లేచును. ఇంతకుమించి వ్యాఖ్యానము వలదు.

మూలము: రంగు వదినె అచ్చినంక.

టీక: వదినె = భర్త యొక్క అక్క; నిజామాబాదునుండి దేవగిరి ఎక్స్‌ప్రెస్సున రానున్నది. అచ్చినంక = వచ్చిన పిమ్మట, ముందు ఎంతమాత్రమును కాదని నియమము.

విశేషము: ఇది విధివాక్యమా, అర్థవాదమా యని సంశయము. తీవ్రమైన ఎండకు ముదురు రంగులు వెలిసిపోవును గావున లేత గోధుమరంగు శ్రేయమని ఈ వ్యాఖ్యాత సహేతుకముగా విన్నవింపగా, గ్రంథకర్త్రి "సూద్దాం తియ్యుండ్రి" అని సెలవిచ్చినది. దీనిని మీమాంసకులు నిషేధముగనే గణింతురు. వదినె తన సొంత తోబుట్టువే గదా యని వ్యాఖ్యాత ఫోను చేసి పక్షమునకు త్రిప్పుకొనజూచెను గాని, ఆమెయు "మరదలు ఏమన్నది రా?" అనియే ప్రశ్నించెను. అప్పటికి దర్జీ, రంగు వ్రాయవలసిన చోట గీత గీసి, బయానా జేబున వేసికొని, సైకి లెక్కి పోయెను.