దవడ ఎముకను పట్టి ఉంచిన ప్లేటు కథ

కింది దవడను కోసి ముందుకు జరిపాక, కోత పడినచోట ఎముక అడుగు అంచున ఖాళీ ఏర్పడుతుంది. అది ఎముకతో పూడకపోతే దవడ అంచున నొక్కు శాశ్వతంగా మిగిలిపోతుంది. ఈ కథ ఆ ఖాళీకి అడ్డంగా బిగించిన టైటానియం ప్లేటుది: సుమారు మిల్లీమీటరు మందం, నాలుగు రంధ్రాలు, నాలుగు స్క్రూలు.

దవడను అడ్డంగా నరకకుండా లోపలి పొర, బయటి పొరగా చీల్చే పద్ధతిని ట్రౌనర్, ఓబ్‌వెగేసర్ 1957లో ప్రకటించారు. 1961లో డాల్ పాంట్ ఆ కోతను మరింత ముందుకు తెచ్చాడు. అప్పట్లో ముక్కలను తీగతో కట్టి, పై పళ్లను కింది పళ్లకు వారాల తరబడి బిగించేవారు. రోగి నోరు తెరవడానికి ఉండేది కాదు. 1970లలో ఫ్రాన్సులో మిషెలే, ఆ తర్వాత షాంపీ చిన్న ప్లేట్లను వాడుకలోకి తెచ్చారు. ఈ ప్లేటు ఆ వంశానిదే.

ముక్కలు కదలకుండా పట్టి ఉంచడం వరకే ప్లేటు పని. ఎముకను అది పుట్టించలేదు. నొక్కు పడుతుందా లేదా అన్నది చాలావరకు ప్లేటు బిగించకముందే, ఎముక చీల్చేటప్పుడే తేలుతుంది. అడుగు అంచు మొత్తం మందం వెనక ముక్కతోనే ఉండిపోతే, ముందు ముక్క జరిగినచోట ఖాళీకి నాలుక వైపు గోడ కూడా ఉండదు. అలాంటి గుంత సులువుగా పూడదు. అందుకే అడుగు అంచులోని లోపలి పొర ముందు ముక్కతో వచ్చేలా కోత పెట్టడం అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. ఆ కాస్త ఓపిక తర్వాతి చిక్కులెన్నిటినో తప్పిస్తుంది.

జరిపిన దూరం పెరిగేకొద్దీ, రోగి వయసు పైబడేకొద్దీ నొక్కు మిగిలే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ఖాళీలో గ్రాఫ్ట్ నింపడం మేలు. రోగి సొంత ఎముక తురుము, దాత నుంచి తీసి శుద్ధిచేసిన ఎముక, పశువుల ఎముక నుంచి తయారైన ఖనిజ రేణువులు, వీటిలో ఏదైనా వాడతారు. తీగకు పందిరిలాగా, కొత్త ఎముక కణాలు పాకడానికి అది ఆధారమవుతుంది. ఎముక మీది పొరను అవసరానికి మించి ఒలిస్తే కణాలకు రక్తం సరిగా అందదు.

స్క్రూ రంధ్రాలు తొలిచేటప్పుడు డ్రిల్లు మీద సెలైన్ ధారగా పడుతూనే ఉండాలి. ఎముక ఒక్క నిమిషంపాటు 47 డిగ్రీల వేడికి గురైనా దెబ్బతింటుంది. రంధ్రం చుట్టూ ఎముక చచ్చిపోతే స్క్రూ వదులవుతుంది, ప్లేటు ఊగుతుంది, ముక్కలు కదులుతాయి. కదిలేచోట ఎముక అతకడం కష్టం.

ఆపరేషన్ తర్వాతి వారాల్లో ప్లేటు మీద ఎక్కువ భారం నమలడం వల్లే పడుతుంది. అందుకే మొదట జావ, పాలు, ఆపైన మెత్తగా కలిపిన పప్పన్నం; జంతికలు, చెరకు ముక్కలు డాక్టరు సరే అన్నాకే. పొగతాగడం పూర్తిగా మానాలి, ఎందుకంటే అది గాయానికి రక్తప్రసారం తగ్గిస్తుంది. మొదటి ఎక్స్‌రేలో నల్లగా కనిపించిన ఖాళీ, ఎముక పెరుగుతుంటే నెలల మీద తెల్లబడుతుంది.

ఎముక గట్టిపడ్డాక ప్లేటుకు పని ఉండదు. ఇబ్బంది పెట్టకపోతే దాన్ని అక్కడే వదిలేస్తారు. చీము పట్టినా, స్క్రూ వదులైనా తీసేస్తారు. స్క్రూలు తీసిన రంధ్రాలు కొన్ని నెలల్లో ఎముకతో నిండుతాయి.